స్టీరింగ్ ముందు "కొంచెం" ఎంత?

2025 అక్టోబర్ 24, తెల్లవారుజామున దాదాపు మూడు గంటలు. కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక బైక్ అదుపు తప్పి డివైడర్‌కు కొట్టుకుంది. నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. వెనక కూర్చున్నతను బతికాడు. బైక్ మాత్రం రోడ్డు మీదే పడి ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఆ చీకట్లో వచ్చి, పడి ఉన్న బండిని కింద ఇరికించుకుని ఈడ్చుకుపోయింది. ఇనుము రోడ్డును రాసుకుంటే నిప్పురవ్వలు, ట్యాంకులోంచి కారిన పెట్రోలు. బస్సు అంటుకుంది. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైక్ మీదున్న ఇద్దరూ మద్యం తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ఆ తర్వాత ప్రకటించారు.

అన్ని మరణాలకూ మద్యం ఒక్కటే కారణమని తేల్చేయడం న్యాయం కాదు. మంటలు అంత వేగంగా పాకడానికీ, జనం బయటికి రాలేకపోవడానికీ బస్సువైపు కారణాలు వేరే ఉన్నాయి, వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లూ వేరే ఉన్నారు. అయినా ఈ ఘటన ఒక పాత వాదాన్ని శాశ్వతంగా మూసేసింది. "తాగి నడిపితే పోయేది వాడి ప్రాణమే కదా" అని మన ఊళ్లలో చాలా తేలిగ్గా అంటుంటారు. ఆ బైక్ వెళ్లి ఎవరినీ గుద్దలేదు. తనంతట తాను పడింది. పడి, కదలకుండా రోడ్డు మీద ఉంది. అంతే జరిగింది.

బండి నడిపేవాడు ఎంత తాగొచ్చు, అసలు తాగొచ్చా అనే ప్రశ్నను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మన చట్టంలో ఒక అంకె ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించితే నేరం. 2019 సెప్టెంబర్ 1 నుంచి మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. అంతకుముందు మొదటి తప్పుకు జరిమానా 2,000 మాత్రమే ఉండేది. హెల్మెట్ లేదని వేసే చలానాలాగా అక్కడే కట్టి వెళ్లిపోయే కేసు కాదిది, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

ఈ 30 అనే అంకె చుట్టూ ఒక పెద్ద అపోహ ఉంది. "అంటే ప్రభుత్వమే కొంచెం తాగొచ్చని చెప్పింది కదా" అనుకుంటారు. కొందరికి అంకె తెలియదు గానీ ఆ భావం మాత్రం తెలుసు. ఒక పెగ్గుకు ఏం కాదు, నైంటీ (90 మిల్లీలీటర్లు) వేస్తే ఊదినా రాదు, బండికి ఇంటి దారి తెలుసు. ఇలాంటి మాటలన్నీ ఆ "కొంచెం" చుట్టూ పుట్టినవే. ఆ కొంచెం ఎంతో ఒకసారి గ్లాసులో పోసి చూస్తే తెలుస్తుంది.

వైన్స్‌లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. బాటిల్ మీద సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ముప్పై మిల్లీలీటర్లు పోస్తే అందులో అచ్చమైన ఆల్కహాల్ సుమారు పది గ్రాములు. అరవై కిలోల బరువున్న మగమనిషి ఒంట్లో అది కలిస్తే, రక్తంలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 25 మిల్లీగ్రాములు అవుతుంది. అంటే చట్టం గీసిన గీత ఒక చిన్న పెగ్గు దగ్గరే, ఇంచుమించు అక్కడే ఉంది. అరవై పోస్తే 50. నైంటీకి 75, అంటే పరిమితికి రెండున్నర రెట్లు. క్వార్టర్ (180 మిల్లీలీటర్లు) మొత్తం ఒక్కడే తాగితే 150 చుట్టుపక్కలకు వెళ్తుంది. ఎనిమిది శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి ఖాళీ చేస్తే 100. "బీరే కదా" అని తేలిగ్గా చూసే సీసాలో నైంటీ కంటే ఎక్కువ సరుకు ఉందన్నమాట.

ఇవి సగటు లెక్కలు. కడుపు నిండా సంగటి తిని తాగితే ఆల్కహాల్ రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది, ఖాళీ కడుపున తాగితే జివ్వున ఎక్కుతుంది. లావుపాటి మనిషికి ఒకలా, సన్నటి మనిషికి ఒకలా. యాభై కిలోల స్త్రీ అదే ముప్పై మిల్లీలీటర్లు తాగితే లెక్క 35 దాటిపోతుంది, ఎందుకంటే ఆల్కహాల్ కలిసే నీటి భాగం స్త్రీల శరీరంలో తక్కువ. కాబట్టి ఎవరికి ఎంత అని ముందే చెప్పగల పట్టిక లేదు. అసలు మన దగ్గర ముప్పై మిల్లీలీటర్లు కొలిచి పోసేదెవరు? బార్లలో తప్ప కొలత గ్లాసు కనపడదు. రోడ్డు పక్కన, తోటలో, డాబా వెనక మంచాల మీద పోసేది ప్లాస్టిక్ గ్లాసులో, కంటి అందాజుతో. ఒకడు సగం అంటే ఇంకొకడు ముప్పాతిక అంటాడు. పైన నీళ్లు పోసి నింపాక అందులో ఎంత ఉందో పోసినవాడికే తెలియదు. క్వార్టర్ సీసాల లెక్కన సాగే తాగుడులో 30 మిల్లీగ్రాముల లోపు ఆగడమనేది కాగితం మీద ఉండే అవకాశం మాత్రమే.

ఇంకో సంగతి చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. ఎక్కినంత త్వరగా అది దిగదు. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించుకుంటూ పోతుంది. ఆ వేగాన్ని పెంచే మందు లేదు, చిట్కా లేదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, చన్నీళ్లు తల మీద పోసుకున్నా, కాఫీ మీద కాఫీ తాగినా నిద్రమత్తు వదిలినట్టు ఉంటుందే తప్ప రక్తంలో అంకె కదలదు. సోంపు, యాలకులు నోటి వాసనను మార్చగలవు. బ్రీత్ ఎనలైజర్ వాసన చూడదు, ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చే గాలిలోని ఆల్కహాల్‌ను కొలుస్తుంది.

ఈ 15 చొప్పున లెక్క వేసి చూడండి. ఒక పెళ్లి ముందురోజు రాత్రి సిట్టింగ్‌లో ఒకరు క్వార్టరున్నర తాగి పది గంటలకు పడుకున్నారు. రక్తంలో 220 దాకా ఉంటుంది. ఉదయం ఆరింటికి లేచేసరికి ఎనిమిది గంటల్లో 120 తగ్గింది. ఇంకా 100 ఉంది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఉగ్గాని బజ్జి తిని, పెళ్లివాళ్లను కారులో ఎక్కించుకుని బయలుదేరే ఆ మనిషి తాను తాగి నడుపుతున్నానని అనుకోడు. "తాగింది రాత్రి కదా" అంటాడు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే నమ్ముతున్నాడు. అతని ఒంట్లో చట్టపరిమితికి మూడింతల ఆల్కహాల్ ఉంది, వెనక సీట్లో పిల్లలు ఉన్నారు. రాత్రి పూటే తనిఖీలు చేసే పద్ధతిలో ఈ మనిషి ఎప్పటికీ దొరకడు.

తక్కువ మోతాదు నిజంగా డ్రైవింగ్‌ను దెబ్బతీస్తుందా, లేక ఇదంతా అతిజాగ్రత్తా? పరిశోధనలు చెప్పేది సూటిగానే ఉంది. 20 మిల్లీగ్రాముల దగ్గరే కదిలే వస్తువును కంటితో పట్టుకునే శక్తి తగ్గడం మొదలవుతుంది, ఒకేసారి రెండు పనుల మీద దృష్టి పెట్టడం కష్టమవుతుంది. 50 దగ్గర చేతికీ కంటికీ పొంతన సడలుతుంది. ప్రమాదం జరిగే అవకాశం 80 దగ్గర తాగనివాడితో పోలిస్తే దాదాపు 2.7 రెట్లు, 100 దగ్గర ఐదు రెట్లకు దగ్గర, 150 దగ్గర ఇరవై రెట్లు పైన అని అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. క్వార్టర్ తాగినవాడు ఉండేది ఆ చివరి అంకె దగ్గరే.

మొదట దెబ్బతినేది చూపు, తీర్పు. కాళ్లు తడబడేది చాలా తర్వాత. అందుకే "నేను స్టడీగానే ఉన్నా" అనే మాటకు విలువ లేదు. గుత్తి నుంచి అనంతపురం వైపు రాత్రి పూట వెళ్లినవాళ్లకు ఆ దారి ఎలా ఉంటుందో తెలుసు. ఎదుటి హెడ్‌లైట్లు కళ్లలో కొడతాయి, ఆ వెలుగు దాటగానే ఒక్క క్షణం చీకటి. ఆ చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఉండొచ్చు, శనక్కాయ కట్టె వేసుకుని అంచులు బయటికి పొడుచుకొచ్చిన బండి ఉండొచ్చు, పంచరై పక్కకు తీసిన లారీ ఉండొచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటానికి అర సెకను ఆలస్యమైతే 11 మీటర్లు అదనం, అంటే ఒక పొడుగు బస్సంత దూరం. తాగనివాడికే కష్టమైన రోడ్డు అది.

సరే, పరిమితిని సున్నా చేసేస్తే పోదా? కొన్ని దేశాలు అదే చేశాయి. హంగరీ, చెక్ రిపబ్లిక్, రొమేనియాల్లో డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ అసలు ఉండకూడదు. బ్రెజిల్ 2008లో ఆ దారి పట్టింది. స్వీడన్, నార్వే 20 దగ్గర ఆగాయి. జపాన్ 2002లో 50 నుంచి మన అంకె 30కి తగ్గించింది. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 80 ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రం 50కి దిగినా మిగతా రాష్ట్రాల్లో 80 ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు డ్రైవర్లకు 50, కొత్తగా లైసెన్స్ తీసుకున్న యువతకు 20 మించొద్దంటుంది. అంటే అంకె విషయంలో మన చట్టం మెతకది కాదు, చాలా ధనిక దేశాల కంటే గట్టిది. మరి రోడ్లు ఎందుకు వాటికంటే భయంకరంగా ఉన్నాయనేది అసలు ప్రశ్న.

దీనికి స్కాట్లండ్ అనుభవం పనికొస్తుంది. 2014 డిసెంబర్‌లో అక్కడ పరిమితిని 80 నుంచి 50కి తగ్గించారు. ప్రమాదాలు తగ్గుతాయని అందరూ ఎదురుచూశారు. 2018లో వచ్చిన అధ్యయనంలో తగ్గుదల కనిపించలేదు. గీతను కిందికి జరిపారు గానీ, రోడ్డు మీద ఊదించి చూసేవాళ్లను పెంచలేదు. దీనికి పూర్తి వ్యతిరేకంగా ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబర్ నుంచి ఎవరినైనా, ఎప్పుడైనా, అనుమానం ఉన్నా లేకపోయినా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. మరణాలు వెంటనే, స్పష్టంగా తగ్గాయి. శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే, ఈ రాత్రి ఈ దారిలో నన్ను ఆపుతారన్న నమ్మకం ఎక్కువ పనిచేసింది.

సున్నా పరిమితికి ఉన్న అభ్యంతరాలను కూడా తోసిపుచ్చడానికి లేదు. కొన్ని దగ్గు మందుల్లో, హోమియో మందుల్లో, నోరు పుక్కిలించే ద్రావణాల్లో ఆల్కహాల్ ఉంటుంది. అవి వాడిన వెంటనే ఊదితే నోట్లో మిగిలినది యంత్రానికి తగులుతుంది. అందుకే పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదించాలి. యంత్రాన్ని ఎప్పటికప్పుడు సరిచూడకపోతే చిన్న తేడాలు వస్తాయి. పరిమితి సున్నా అయితే ఆ చిన్న తేడా కూడా ఒక మనిషిని కోర్టు దాకా తీసుకెళ్తుంది. మద్యం తాగని డ్రైవరు "అయ్యా, నేను దగ్గు మందు తాగాను" అని రాత్రి పదకొండింటికి నడిరోడ్డు మీద బతిమాలుకునే పరిస్థితి రాకూడదు. పైగా మన దగ్గర ఆపినవాడికీ ఆగినవాడికీ మధ్య ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తక్కువ అంకెను బెదిరింపుగా వాడుకునే అవకాశం ఉంటుంది. స్వీడన్ 20 దగ్గర ఆగడంలోని తెలివి ఇదే. తాగొద్దనే చెప్తారు, యంత్రానికి మాత్రం కాస్త జాగా వదులుతారు.

30 అనే అంకెను కూడా ఆ విధంగానే అర్థం చేసుకోవాలి. అది యంత్రానికీ, కోర్టుకూ ఉపయోగపడే గీత. డ్రైవరుకు ఇచ్చిన కోటా కాదు. డ్రైవరుకు చెప్పాల్సింది ఒక్కటే, బండి తాళం జేబులో ఉంటే గ్లాసు ముట్టొద్దని. లైసెన్స్ పరీక్షలో, పోలీసుల కౌన్సెలింగ్‌లో, కాలేజీ సభల్లో "30 మించొద్దు" అని బోధించడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అలా చెప్పగానే ప్రతి మనిషీ తన 30 ఎంతో తనే ఊహించుకోవడం మొదలుపెడతాడు, ఆ ఊహ ఎప్పుడూ తనకు అనుకూలంగానే ఉంటుంది. రెండో గ్లాసు దగ్గర ఆగాలా వద్దా అని నిర్ణయించే బుర్రను మొదటి గ్లాసు అప్పటికే మెత్తబరిచి ఉంటుంది కూడా.

ఒక వర్గం విషయంలో మాత్రం చట్టంలోనే సున్నా రాయాలి. జనాన్నీ, బరువు సరుకునూ మోసేవాళ్లకు. విమానం నడిపే పైలట్ డ్యూటీకి పన్నెండు గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదని, పరీక్షలో సున్నా రావాలని నిబంధన. రైలు డ్రైవర్లకు ఇంజన్ ఎక్కే ముందు ఊదించి చూస్తారు. ఆర్టీసీ డిపోల్లో కూడా డ్యూటీ ఎక్కే ముందు ఈ పరీక్ష చేస్తారు. కానీ స్కూలు వ్యాన్, ప్రైవేటు బస్సు, ఆటో, లారీ నడిపేవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో ఉన్నది కారు యజమానికి ఉన్న అదే 30. ఏడుగురు కూలీలను ఎక్కించుకున్న ఆటోకూ, నలభై టన్నుల గ్రానైట్ దిమ్మెతో తాడిపత్రి నుంచి కదిలే లారీకీ, ఒంటరిగా స్కూటర్ మీద వెళ్లేవాడికీ ఒకే గీత ఎలా సరిపోతుంది?

లారీ డ్రైవర్లను తాగుబోతులని తిట్టి వదిలేయడం వల్ల లాభం లేదు. ఎర్రగుంట్ల సిమెంటు, బేతంచర్ల బండలు, తాడిపత్రి గ్రానైట్ మోసే మనుషుల రోజు ఎలా ఉంటుందో చూడాలి. లోడింగ్ కోసం లైన్లో గంటల కొద్దీ ఎదురుచూపు, లోడు పడ్డాక "పొద్దున్నకల్లా చేరాలి" అని ఫోన్, కూర్చుని కూర్చుని నడుము నొప్పి. ఒళ్లు నొప్పులకని డాబా దగ్గర నైంటీ. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానమని పరిశోధనల్లో తేలింది. అంటే ఆ డ్రైవరు నైంటీ వేయకముందే తాగినవాడితో సమానం. దాని మీద ఇంకో 75 పడింది. తర్వాత ఎక్కాల్సింది కడప రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్. ఇక్కడ ఒక్క డ్రైవరును జైలుకు పంపితే ప్రశ్న తీరదు. ఆ ట్రిప్పు టైము పెట్టిన యజమాని సంగతేమిటి? చట్టంలో 188వ సెక్షన్ ఉంది. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష అంటుంది. పుస్తకంలో ఉన్న ఈ సెక్షన్ గురించి మన రోడ్ల మీద మాట్లాడేవాళ్లే లేరు.

జపాన్ ఈ మెలికను బాగా పట్టుకుంది. 2006లో ఫుకుయోకాలో తాగిన డ్రైవరు గుద్దడంతో ఒక కుటుంబం కారు వంతెన మీద నుంచి సముద్రంలో పడి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. దేశమంతా కదిలింది. 2007లో చట్టం మార్చి, బండి నడుపుతాడని తెలిసీ మందు పోసినవాడిని, తాగాడని తెలిసీ బండి ఇచ్చినవాడిని, తెలిసీ అతని పక్కన ఎక్కి కూర్చున్నవాడిని కూడా శిక్షించడం మొదలుపెట్టారు. అక్కడ తాగి నడిపిన ప్రమాదాలు బాగా తగ్గాయి. తాగేవాడు ఒంటరిగా ఉండడు, చుట్టూ నలుగురు ఉంటారు, ఆ నలుగురిలో ఒక్కడికైనా తెలివి ఉంటుంది. చట్టం ఆ ఒక్కడికి నోరు ఇచ్చింది.

మన లెక్కల్లో ఈ సమస్య చాలా చిన్నదిగా కనిపిస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా చనిపోతే, అందులో తాగి నడపడం వల్ల జరిగినవని అధికారికంగా రాసింది రెండు మూడు శాతమే. ఈ అంకె నమ్మదగ్గది కాదు. ప్రమాదం జరగగానే ఎఫ్ఐఆర్‌లో పడే మాట "అతివేగం, నిర్లక్ష్యం". గాయపడినవాడిని మండల ఆసుపత్రికి, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి మార్చేసరికి గంటలు గడుస్తాయి. ఆరు గంటలు ఆలస్యమైతే 90 మిల్లీగ్రాములు కరిగిపోతాయి. నైంటీ తాగినవాడి రక్తంలో అప్పటికి ఏమీ ఉండదు. ఇంకో కారణం బాధాకరమైనది. చనిపోయినవాడు తాగి ఉన్నాడని కాగితం మీద పడితే ఇన్సూరెన్స్ రాదేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. ఆ భయం అబద్ధం కాదు. తాగి నడిపితే సొంత బండి నష్టానికి కంపెనీలు డబ్బు ఇవ్వవు, సొంతదారు ప్రమాద బీమాకూ అడ్డు చెప్తాయి. ఎదుటివాడికి కట్టాల్సిన పరిహారాన్ని కూడా ముందు కట్టి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవడానికి కోర్టుకు వెళ్తాయి. భర్త పోయిన ఇల్లాలి మీద అప్పు కూడా పడుతుంది. అందుకే ఊరు మొత్తానికి తెలిసిన నిజం రికార్డుల్లోకి ఎక్కదు.

మద్యం దుకాణాల దూరం మీద సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు అమ్మకాలు ఉండకూడదని 2016 డిసెంబర్ 15న తీర్పు ఇచ్చింది. 2017లో చిన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది, మున్సిపాలిటీల పరిధికి మినహాయింపు వచ్చింది. బైక్ ఉన్నవాడికి 500 మీటర్లు ఒక నిమిషం దారి. దీన్నుంచి పెద్దగా ఆశించడానికి లేదు. సంపూర్ణ మద్య నిషేధం మాట కూడా ఇక్కడ కలపక్కర్లేదు. 1995లో వచ్చి 1997లో ఎత్తేసిన ఆ అనుభవం వేరే చర్చ. తాగేవాడిని తాగొద్దనడం వేరు, నడపొద్దనడం వేరు. రెండోది చాలా చిన్న కోరిక.

ఇక తనిఖీలు ఎక్కడ జరుగుతున్నాయి? కర్నూలులో రాజ్‌విహార్, అనంతపురంలో క్లాక్ టవర్, కడపలో ఏడు రోడ్ల కూడలి లాంటి నగరం నడిబొడ్డున ఆపి ఊదిస్తే ఎక్కువ కేసులు పడతాయి, ఫొటోలూ వస్తాయి. అక్కడ బండ్లు ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి, వీధి దీపాలు ఉంటాయి, ఆసుపత్రి దగ్గర. ప్రాణాలు పోయేది ఊరి బయట, సర్వీసు రోడ్డు హైవేలో కలిసే చోట, పల్లె దారి మలుపులో. ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో కూడా పెద్ద రహస్యం కాదు. రాయలసీమ పల్లెల్లో గ్రామదేవర (ఊరి దేవత జాతర) చేస్తే చుట్టుపక్కల మండలాల నుంచి బంధువులంతా వస్తారు. పొట్టేళ్లు తెగుతాయి, మధ్యాహ్నం నుంచే సీసాలు తెరుచుకుంటాయి. పిలిచినవాళ్లకు పోయకపోతే మర్యాద తక్కువ, పోసింది వద్దంటే పిలిచినవాళ్లకు చిన్నతనం. రాత్రి పదింటికి "ఉండండి మామా, పొద్దున పోదురు" అని ఒకరంటారు. "లేదులే అల్లుడూ, పొద్దున్నే సేద్యం పని ఉంది" అని ఆయన బైక్ స్టార్ట్ చేస్తాడు. వెనక భార్య, మధ్యలో మనవడు. ఆపడానికి అక్కడ ఎవరికీ చొరవ చాలదు. వయసులో పెద్దాయన, పైగా బంధువు. తాళం లాక్కుంటే అవమానం అనుకుంటారేమోనని అందరికీ టెన్షన్.

ఈ సంకోచాన్ని దాటడానికి ఇంటివాళ్లు చేయగలిగింది ఉంది. మందు పోయడానికి ముందే, మనిషి మామూలుగా ఉన్నప్పుడే తాళాలు తీసి దేవుడి గూట్లో పెట్టేస్తే ఎవరికీ అవమానం కాదు. మేడ మీద పది చాపలు పరిచి ఉంచితే "ఉండండి" అనే మాటకు బలం వస్తుంది. పోలీసులూ, ఆర్టీసీ చేయగలిగింది ఇంకా ఎక్కువ. వైన్స్ మూసేది రాత్రి పదింటికి. చాలా పల్లెలకు ఆఖరి బస్సు అంతకు ఎంతో ముందే వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఇల్లు చేరాలంటే సొంత బండి తప్ప దారి లేదు. శివరాత్రికి శ్రీశైలానికి ప్రత్యేక బస్సులు వేయడం ఆర్టీసీకి ఏళ్లుగా అలవాటే. దేవర తేదీ ఊళ్లో చాలా ముందే తెలుస్తుంది, బందోబస్తు కోసం పోలీస్ స్టేషన్‌కూ తెలుస్తుంది. ఆ రాత్రి పదకొండింటికి ఊరి రచ్చబండ నుంచి మండల కేంద్రానికి ఒక బస్సు, ఆ ఊరి దారి హైవేలో కలిసే చోట బ్రీత్ ఎనలైజర్‌తో ఇద్దరు కానిస్టేబుళ్లు. మరుసటి పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా వాళ్లు మళ్లీ అక్కడే ఉండాలి.